ఆరూ యాభై తొమ్మిదికి వెలిగిన టీవీ

“క్లోనింగ్ నడుస్తున్నప్పుడు అదే పెట్టెలో సినిమా చూడొచ్చా?”

ఓదెలు తలెత్తాడు. రెండు రోజులుగా అందరూ అతన్ని అడుగుతున్నవి వేరే ప్రశ్నలు. ఎందుకు తోశావు, ఎప్పుడు పారిపోయావు అనే తప్ప, ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

“చూడరాదక్కా. అసలు కుదరది.”

“ఎందుకు కుదరదు? నాకేమీ తెలియదనుకుని చెప్పు.”

“పెట్టె నడిచేదే ఆ డిస్కు మీద. దాన్ని అచ్చం అట్లనే ఇంకో డిస్కులకు దించాలంటె ముందు దాన్ని నిద్రపుచ్చాలె. పెన్‌డ్రైవ్ పెట్టి, పెట్టెను దాంతోని లేపుతం. ఇగ అయ్యేదాక తెర మీద ఒక గీత, పక్కన ఎంత అయిందో నంబరు. గంతే. సినిమా లేదు, పాట లేదు.”

సంయుక్తకు ఈల వేయాలనిపించింది; ఆ సాయంత్రం ఆ ఇంట్లో సినిమా మోత విన్నానని ఒకరు చెప్పిన మాట పొద్దునే ఆమె చెవిన పడింది. అశోక్‌నగర్ హాస్టల్ గదిలో, నలుగురు కుర్రాళ్ల పుస్తకాల మధ్య కూర్చుని డిటెక్టివ్ ఈల వేస్తే బాగుండదని ఊరుకుంది.

ఆ గీత ఆమెకు బాగా తెలుసు. పెళ్లయి ఇరవై ఆరు రోజులు. చిక్కడపల్లిలో రెండు గదుల పోర్షన్‌లోకి దిగాక ఆమె, శ్రావణ్ కలిసి కొన్న మొదటి వస్తువు టీవీ కింద పెట్టుకునే అరచేతంత కంప్యూటర్. సినిమాలు, పాటలు, పెళ్లి వీడియో అన్నీ దాంట్లోనే. మొన్న ఆదివారం దాని డిస్కును కొత్తదాంట్లోకి క్లోన్ చేశారు. గీత పాకుతున్నంతసేపూ ఇద్దరూ నేల మీద కూర్చుని, ఒకే గిన్నెలోంచి ఉడికించిన పల్లీలు తింటూ దాన్నే చూశారు. నూరు అంకె పడగానే ఇద్దరూ ఒకేసారి అరిచిన అరుపుకి కింది నుంచి ఇల్లుగలావిడ పరుగెత్తుకొచ్చింది. యాభై నిమిషాలు. ఆ యాభై నిమిషాలూ టీవీ మూగదే.

“మంగళవారం సాయంత్రం మొత్తం చెప్పు. టైములతో సహా.”

“ఐదున్నరకు ఇంద్రసేన సార్ ఇంటికి పోయిన. సార్‌కు అన్నీ రెండు ఉండాలె. రెండు గొడుగులు, రెండు కండ్లద్దాలు. డిస్కు కూడ గట్లనే, పాతదానికి ఐదేండ్లయిందని అదే కంపెనీది, అదే సైజుది ఇంకోటి తెప్పించిండు. ఐదూ నలభై ఐదుకు కొత్తది డబ్బాలకెంచి తీసిన. అమ్మ కుంకుమ భరిణె పట్టుకొచ్చింది.”

“కుంకుమా?”

“బొట్టు పెడ్తనన్నది. అమ్మా, కనెక్టర్ మీద పడితె ఖరాబైతదని మొత్తుకున్న. ఎనుకకు తిప్పి, పసుపు పూసి బొట్టు పెట్టింది. అది ఆరెదాక మూడు నిమిషాలు ఆగిన. ఐదూ నలభై ఎనిమిదికి పెట్టె బంద్ చేసి క్లోనింగ్ మొదలువెట్టిన. ఆరూ పదికి అమ్మ పారాయణానికి గాంధీనగర్ పోయింది. ఆరూ యాభైకి కాపీ అయింది. పాతది తీసి కొత్తదాని డబ్బాల పెట్టి సార్‌కిచ్చిన, బీరువల పెట్టుకున్నడు. కొత్తదాని మీద పెట్టెను లేపిన. ఏడూ ఐదుకు బయల్దేరిన. ఏడూ ఇరవై ఐదుకు కోచింగ్‌ల మాక్ టెస్ట్ సంతకం పెట్టిన.”

“మధ్యలో ఎవరన్నా ఫోన్ చేశారా?”

“ఆరున్నరకు వాళ్ల మేనల్లుడు అభిజిత్ చేసిండు. సార్ ఒక్కటే మాటన్నడు. నేను పెట్టనురా అభీ, ఇంకోసారి అడగకు అని. దేని గురించో నాకు తెల్వది.”

ఏడూ నలభైకి ఇంద్రసేన భార్య విద్యావతి ఇంటికి వచ్చేసరికి, మేడ మెట్ల కింద తల పగిలి భర్త పడి ఉన్నాడు. ఇవాళ గురువారం. ఆయనకు ఇంకా స్పృహ రాలేదు. నాలుగింటికి ఎస్సై ఓదెలు కోసం హాస్టల్‌కు వస్తున్నాడు. రేపు పొద్దున పదింటికి ఓదెలు జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగానికి సర్టిఫికెట్లు చూపించాలి.

“కేసుల నా పేరు ఎక్కిందంటె ఇగ అయిపోయినట్టే అక్కా. ఆరేండ్లు ఈ మంచం మీదనే చదివిన.”

సంయుక్త గడియారం చూసుకుంది. రెండూ ఇరవై.

“సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకో. జిరాక్సులు మూడు సెట్లు తీయించు,” అంటూ లేచింది.

*

రెండు వీధుల అవతల విద్యావతి ఇంట్లో ఆమెకంటే ముందే ఒక మనిషి సోఫాలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. రమాకాంత్. ఒకప్పుడు పోలీసు, ఇప్పుడు నారాయణగూడలో సొంత డిటెక్టివ్ ఏజెన్సీ. సంయుక్తను పిలిపించింది విద్యావతి అయితే, ఇతన్ని పెట్టుకుంది అభిజిత్.

“ఏంది మేడమ్! పెండ్లయి నెల కాలే, అప్పుడే డ్యూటీనా? హనీమూన్ అశోక్‌నగర్‌ల పెట్టుకున్నరా?”

“మీరూ వచ్చారు కదా సార్. గ్రూప్ ఫొటో దిగుదాం.”

విద్యావతి ముఖంలో రెండు రోజుల తర్వాత చిన్న నవ్వు కనిపించి మాయమైంది. ఆమె పక్కన కుర్చీలో అభిజిత్ ఉన్నాడు. విద్యావతి అన్న కొడుకు. ముప్పై ఏళ్లుంటాయి, కంప్యూటర్ ఉద్యోగం, మేడ మీది గదిలో ఉంటాడు. రెండు రాత్రులు ఆసుపత్రిలో కాపలా ఉన్నాడట. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“కేసు క్లోజ్ మేడమ్,” రమాకాంత్ వేళ్లు మడిచాడు. “బయటోడు ఇంట్లకు వచ్చిండు. అమ్మ లేదు. బీరువా తాళం టేబుల్ మీద ఉన్నది. పెద్దాయన చూసిండు, వీడు తోసిండు. మా క్లయింట్‌కు ఫోన్ల సార్ స్వయంగ చెప్పిండు.”

“ఏం చెప్పారు?” సంయుక్త అభిజిత్ వైపు తిరిగింది.

“ఆరున్నరకు బషీర్‌బాగ్ ఆఫీసుల ఉండి చేసిన. ఎనుకనుంచి సినిమా డైలాగులు గట్టిగ వినబడుతున్నయ్. ఏంది మామయ్యా అంటె, ‘ఆ పిలగాడు పని చేస్తలేడు, సోఫాల కూసొని సినిమా చూస్తుండు, మాటిమాటికి బీరువా దిక్కు చూస్తుండు, భయమైతుంది’ అన్నడు.”

“సినిమా గట్టిగా వినిపించిందా?”

“మస్తు గట్టిగ. మామయ్య మాటే సరిగ వినబడలే.”

“మీ ఆఫీసు ఎన్నింటికి వదిలారు?”

“ఎనిమిదింటికి, అత్తయ్య ఫోన్ వచ్చినంక.”

సంయుక్త విద్యావతిని అడిగింది. “అమ్మా, ఈ టీవీకి కేబుల్ ఉందా?”

“తీయించేసి రెండేండ్లాయె బిడ్డా. ఏది చూసినా ఆ పెట్టెలకెంచే.”

సంయుక్త టీవీ వైపు చూసింది. ఇలాంటి క్షణం కోసమే ఆమె ఈ వృత్తిలోకి వచ్చింది. అబద్ధం ఎదురుగా, ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. నవ్వు ముఖం మీదికి రాకుండా పెదవి కొరుక్కుంది.

“ఆరున్నరకు ఈ పెట్టె క్లోనింగ్‌లో ఉంది. సినిమా రావడానికి వీల్లేదు.”

“క్లోనింగ్ అయిందని ఎవలు చెప్పిన్రు? ఆ పిలగాడే కదా!” రమాకాంత్ టీవీ బల్ల మీద చరిచాడు. “దొంగనే సాక్షి అంటరా?”

“పెట్టెనే అడుగుదాం.”

ఆమె పెట్టె ఆన్ చేసి శ్రావణ్‌కు ఫోన్ కలిపింది. అతను ఆఫీసు క్యాంటీన్‌లో ఉన్నాడు.

“శ్రావణ్, ఈ పెట్టె ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పడుకుందో ఎక్కడ రాసుకుంటుంది?”

“ఆదివారం మన దాంట్లో చూశాం కదా సంయూ. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద చిట్టా. తిన్నవా?”

“తింటా, తింటా,” అని ఫోన్ పెట్టేసింది. రమాకాంత్ ముక్కుతో నవ్వాడు.

తెర మీద వరుస వచ్చింది. మంగళవారం, సాయంత్రం ఐదూ నలభై ఎనిమిది, ఆపబడింది. తర్వాతి వరుస, అదే రోజు ఏడూ ముప్పై ఒకటి, మొదలైంది. మధ్యలో ఏమీ లేదు.

రమాకాంత్ దగ్గరికి వచ్చి వంగి చదివాడు. ఎంతైనా ఇరవై ఏళ్లు పోలీసు పని చేసినవాడు. చదవాల్సింది చదివేశాడని, నచ్చలేదని అతని మెడ చెప్పింది.

“ఆరున్నరకు బందే ఉన్నది,” గొణిగాడు.

“టీవీ కాదేమో, ఫోన్ల చూస్తుండొచ్చు,” అన్నాడు అభిజిత్ వెంటనే. “నేనేమన్న కండ్లతోని చూసిన్నా?”

సంయుక్త మళ్లీ చిట్టా వైపు తిరిగింది. ఆమెను వేరే సంగతి తొలుస్తోంది. ఓదెలు ఏడూ ఐదుకు బయల్దేరే ముందే పెట్టెను లేపానన్నాడు. చిట్టాలో అది లేదు. కుర్రాడు అబద్ధమాడాడా?

“అమ్మా, ఆ సాయంత్రం సార్ మీకు ఫోన్ గానీ, మెసేజ్ గానీ చేశారా?”

“ఫొటో పెట్టిండు. పారాయణంల ఉంటి, ఇంటికొచ్చెటప్పుడు చూసిన.” విద్యావతి తన ఫోన్ చాపింది.

ఫొటోలో టీవీ వెలుగుతోంది. తెర నిండా మనవరాలి బోసి నవ్వు. పక్కన ఓదెలు బొటనవేలు ఎత్తి నిలబడ్డాడు. కింద ఇంద్రసేన రాసిన మాట: పని అయిపోయింది, పకోడీలు తెస్తావా. టైము ఆరూ యాభై తొమ్మిది.

సంయుక్త ఫొటో వైపు, టీవీ వైపు, మళ్లీ ఫొటో వైపు చూసింది. ఆరూ యాభై తొమ్మిదికి టీవీ వెలిగింది. కానీ ఈ పెట్టె, ఆ టైముకు తను నిద్రలో ఉన్నానంటోంది.

“స్క్రూడ్రైవర్!” ఆమె దాదాపు గంతేసింది. “అమ్మా, ఇంట్లో స్క్రూడ్రైవర్ ఉందా?”

“రెండున్నయి బిడ్డా.”

నాలుగు మరలు. మూత ఊడింది. లోపల అగ్గిపెట్టె మందం కూడా లేని నల్లటి పలక. ఆమె దాన్ని లాగి వెనక్కి తిప్పింది. నున్నగా ఉంది. కొనగోటితో గీకింది. పసుపు మరక కూడా లేదు.

“అమ్మా, మీరు బొట్టు పెట్టిన డిస్కు ఇదేనా?”

విద్యావతి కళ్లజోడు సవరించుకుని చూసింది. “కాదు. కొత్త వస్తువు ఇంట్లకొస్తె బొట్టు పెట్టకుంట వాడుతమా? ఫ్రిజ్‌కు పెట్టిన, మిక్సీకి పెట్టిన. తడి పసుపు పూసి మరీ పెట్టిన దానికి. అంత తొందరగ పోదు.”

“బీరువాలో డిస్కు డబ్బా ఉంటుంది. తెస్తారా?”

డబ్బా వచ్చింది. ఊపితే చప్పుడు కాలేదు. ఖాళీ.

“చూడండి సార్,” సంయుక్త మాటలు ఒకదాన్నొకటి తరుముకొస్తున్నాయి. “రెండు డిస్కులు అచ్చం ఒకటే. అవే సినిమాలు, అదే మనవరాలి బొమ్మ. కొత్తది ఎత్తుకెళ్లి పాతది పెట్టేస్తే ఎవరూ కనిపెట్టలేరనుకున్నాడు దొంగ. బొట్టు సంగతి వాడికి తెలియదు. పాతది బిగించాక నడుస్తుందో లేదో ఏడూ ముప్పై ఒకటికి ఆన్ చేసి చూసుకున్నాడు. ఆ టైముకు ఓదెలు పరీక్ష రాస్తున్నాడు.”

“అచ్చం ఒకటే అయితె ఎత్తుకపోవుడెందుకు?” రమాకాంత్ అడిగాడు. అది ఎగతాళి కాదు, పోలీసు ప్రశ్న.

“తేడా ఒక్కటే. ఏడింటి నుంచి జరిగింది కొత్త డిస్కులోనే ఉంటుంది. పాతదానికి తెలియదు. ఆ కొన్ని నిమిషాల్లో ఏదో ఉంది. ఎవరికో అది బయటపడకూడదు.”

ఆమె కావాలనే అభిజిత్ వైపు చూడలేదు. “నాలుగింటికి ఎస్సైని హాస్టల్‌కు కాదు, ఇక్కడికి రమ్మంటాను. కిందా మీదా ఇల్లంతా వెతుకుతారు.”

అభిజిత్ లేచాడు. “అత్తయ్యా, మామయ్య స్కానింగ్ ఫైలు పైన ఉన్నది. ఆస్పత్రికి పోవాలె, తీసుకొస్త.”

మెట్లెక్కి వెళ్లాడు. పైన తలుపు గడియ పడిన చప్పుడు సన్నగా వినిపించింది.

“మేడమ్,” రమాకాంత్ గొంతు తగ్గించాడు. “జర సోచాయించుండ్రి. బొట్టు, ఫొటో, చిట్టా. ఇవి చెప్తె ఎస్సై నవ్వుతడు. పెట్టెల గడియారం తప్పుండొచ్చు అంటడు. మా క్లయింట్ మీద వేలు పెట్టాలంటె పక్కా సబూత్ కావాలె.”

“మీ క్లయింట్ అని నేననలేదే!”

రమాకాంత్ చెవులు ఎర్రబడ్డాయి.

“అమ్మా,” సంయుక్త అడిగింది, “అభిజిత్‌కు సార్ ఏం పెట్టనన్నారు?”

విద్యావతి కొంగు వేలికి చుట్టుకుంది. “సంతకం. ఈ ఇల్లు బిల్డర్‌కు ఇయ్యమని నెల నుంచి పోరుతున్నడు. ఈయన వినలే. ఇంట్ల సంగతి, చెప్పుడెందుకని...” మాట ఆగిపోయింది. ఆమె ఒళ్లో ఫోన్ టింగ్‌మంది. చూసి ముఖం చిట్లించింది.

“బిడ్డా, పెట్టె నడుస్తున్నదంట. ఇదేం విచిత్రం?”

“ఏ పెట్టె?”

“మన హాల్ పెట్టె. ఫోన్లనుంచే నడుపుకోవచ్చని ఓదెలు రిమోట్ పెట్టిచ్చిండు. పచ్చ లైటొచ్చింది.”

సంయుక్త తన చేతుల్లోకి చూసుకుంది. ఒక చేతిలో పెట్టె మూత. ఇంకో చేతిలో డిస్కు. గోడకున్న ప్లగ్ ఊడి నేల మీద పడి ఉంది.

ఒక్కసారిగా ఆమెకు అంతా అర్థమైంది. అరవకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, విద్యావతి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

“అది ఇది కాదమ్మా. దాని జంట. దొంగ దాన్ని తన కంప్యూటర్‌కు పెట్టుకున్నాడు, చెరిపేద్దామని. కానీ అది సిస్టమ్ డిస్కు. ఎక్కడ పెట్టినా తనే హాల్ పెట్టెననుకుని లేస్తుంది. దానికి మీ వైఫై పాస్‌వర్డ్ కూడా తెలుసు. తనంతట తనే కలిసింది.”

“వైఫై ఎంత దూరం వస్తది?” రమాకాంత్ లేచి నిలబడ్డాడు.

“ఈ ఇల్లు దాటదు.”

ముగ్గురూ పైకప్పు వైపు చూశారు.

ఫోన్ తెర మీద జాబితా నెమ్మదిగా నిండుతోంది. సినిమాలు. పాటలు. అన్నిటికంటే పైన కొత్తది ఒకటి: కెమెరా, మంగళవారం, ఏడూ రెండు, ఇరవై నిమిషాలు. టీవీ మీద బిగించిన వీడియో కాల్ కెమెరాను ఓదెలు పరీక్షకు నడిపి, ఆపకుండానే మాక్ టెస్ట్‌కు పరుగెత్తాడు. పక్కనే వేలిగోరంత బొమ్మ. అందులో ఇంద్రసేన కెమెరాలోకి వంగి చూస్తున్నాడు.

“ముట్టుకోకండి అమ్మా. చప్పుడు కాకుండా ముందు నా ఫోన్లోకి కాపీ...”

మాట పూర్తి కాలేదు. రెండు రోజులుగా ఆసుపత్రి అద్దంలోంచి మాత్రమే భర్తను చూస్తున్న విద్యావతి, ఆ బొమ్మను వేలితో నిమిరింది. వేలు జరిగిన కొద్దీ వీడియో ఐదు నిమిషాలు ముందుకు జరిగి, డిస్కు ఉన్నచోటే మొదలైంది.

పై గదిలో స్పీకర్లు గర్జించాయి.

కింద హాలు దాకా ఇంద్రసేన గొంతు దిగివచ్చింది. బతికున్న గొంతు, చిరాకు పడుతున్న గొంతు. “ఆ పిలగాడు గేటు దాటి రెండు నిమిషాలు కాలే, అప్పుడే వచ్చినవా? ఆఫీసుల ఉన్ననంటివి కదరా అభీ?”

రమాకాంత్ జేబులోంచి ఫోన్ లాగి, రికార్డింగ్ నొక్కి, చేతిని పైకప్పుకేసి ఎత్తాడు. సంయుక్త వైపు చూడలేదు. “ఓదెలు పోయినంకనే,” అన్నాడు తనలో తను. “సార్ నోటితోనే.”

పైన కుర్చీ తిరగబడింది. ఎవరో దేన్నో వెతుకుతున్నారు, ఆపడానికి. గొంతు ఆగలేదు. “పెట్టనంటె పెట్టను. చెయ్యి ఇడువు. మెట్ల కాడ ఏందిరా ఈ...”

తర్వాత వచ్చిన చప్పుడుకు విద్యావతి చెవులు మూసుకుంది.

అంతలో అంతా ఆగిపోయింది. పైన ప్లగ్ పీకేశారు. విద్యావతి ఫోన్లో పచ్చ లైటు ఆరిపోయింది.

గడియ తీసిన చప్పుడు. మెట్ల మీద అడుగులు. ఒకటి, రెండు, మూడు.

సంయుక్త కంటే ముందు విద్యావతి లేచింది. భర్త పడిన చోటే, మెట్ల కింద, నిటారుగా నిలబడింది.

“అభీ,” పిలిచింది. “దిగు నాయనా. మామయ్య చెప్పింది మేం విన్నం.”

అడుగులు ఆగాయి. గోడ గడియారం మూడూ నలభై ఒకటి చూపిస్తోంది.

ఆ తర్వాత అడుగులు మళ్లీ మొదలయ్యాయి. కిందికి కాదు, పైకి. గది దాటి, డాబా మీదికి. వాటి వెనకే ఇనుప తలుపు ధన్‌మని మూసుకుంది.

“డాబా మీదనుంచి పక్కింటికి దూకొచ్చా అమ్మా?” సంయుక్త అప్పటికే మూడో మెట్టు మీద ఉంది.

“దూకొచ్చు,” అంది విద్యావతి. “చిన్నప్పుడు వాడికి దూకుడు నేర్పిందే ఈయన.”